దరఖాస్తు మీద ఆముదం మరక

సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ సర్కారు కాలేజీని నేను చూడకముందే మా సంఘమంతా దాని గురించి విన్నది. అక్కడి నుంచి తెప్పించిన వివరాల పుస్తకాన్ని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరయ్య గుడిలో చదివి వినిపించారు. తాడిపత్రి వైపు యాడికి అనే ఊరి దగ్గరి పల్లెలో నాపరాళ్లతో కట్టిన ఒంటి గది మా గుడి. అరవైల మొదటి సంవత్సరాలవి. పెళ్లయినా, ప్రయాణమైనా సంఘంలో ప్రార్థన జరగకుండా మావాళ్లు అడుగు వేసేవారు కాదు.

పాస్టరయ్య కోస్తా నుంచి వచ్చినవారు. నేను ఎస్సెస్సెల్సీ ప్యాసయ్యానని తెలిసి, అక్కడ ఆడపిల్లలకు హాస్టలుందని, పి.యు.సి.లో చేర్చమని నాయనకు చెప్పింది ఆయనే. పుస్తకంలో పెంకుల కప్పు వేసిన పొడుగాటి భవనం గురించి, సైన్సు గదుల గురించి, పగలంతా పని చేసుకునేవాళ్ల కోసం సాయంత్రం పెట్టే టైపు తరగతుల గురించి రాసి ఉంది. ఏ కులం వారైనా, ఏ మతం వారైనా చేరవచ్చునన్న చోట పాస్టరయ్య ఆగి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివారు. ఆవరణలో రెండు మంచినీటి బావులున్నాయని చదవగానే మా మేనత్త లేచింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

"ఎన్ని బారల లోతంట?"

"రాయలేదమ్మా."

"అది రాయకుంటే ఇంగేం రాసినట్టు? నాకు మాత్రం పిల్లను అంత దూరం పంపేది ఇష్టం లేదు."

నాయన మాత్రం దరఖాస్తు తెప్పించాడు.

దరఖాస్తులో నా నడవడి మంచిదని ఇద్దరు పెద్దమనుషులు సంతకం చేయాలి. హెడ్మాస్టరు, పాస్టరయ్య చేశారు. నాయనకు తృప్తి కలగలేదు. మా సంఘంలో ఎవరికైనా బాప్తిస్మం ఇచ్చేముందు అందరూ లేచి సాక్ష్యం చెప్పాలి. "ఇద్దరే చెప్పేదేంది? సంఘమంతా ఉండాది గదా," అన్నాడు. వెనక పేజీ ఖాళీగా కనిపించింది. దీపం మసిని ఆముదంలో కలిపి, ఒక్కొక్కరూ వచ్చి బొటనవేలు ఒత్తారు. మూడో ముద్ర అత్తది.

తాడిపత్రిలో రైలెక్కి, రేణిగుంటలో మారి, ఆఖరి గడువు రోజు మధ్యాహ్నానికి నేనూ నాయనా కాలేజీ చేరుకున్నాం. ఇసుక నేల, సరుగుడు చెట్లు. ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టి పొరలు లేచాయి. మా వైపు ఇనుము ఎండకు కాలుతుందే తప్ప ఇలా రాలిపోదు. బావిలోకి తొంగిచూసి నాయన తలపాగా తీశాడు. రెండు బారల్లోనే నీళ్లు.

ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు చూసి కలం పెట్టాడు. కలం జారిపోయింది. వెనక ఒత్తిన ఆముదం ఈవలికి ఇంకి, ఆఫీసువాళ్లు రాయవలసిన గడి నిండా పరుచుకుంది.

"ఏందమ్మా ఇది? సిరా పట్టటంలా. ఇంకో ఫారం ఇస్తాను, మళ్లీ సంతకాలు చేయించుకురా."

"ఈ పొద్దే ఆఖరంట గదా సామీ," అన్నాడు నాయన. "మా ఊరికి పోయి వచ్చేసరికి మూడు దినాలయితాది."

గుమాస్తా మమ్మల్ని ప్రిన్సిపాలు దగ్గరికి తీసుకుపోయాడు. అప్పటికి నా ప్రార్థనలో మాటలు అయిపోయాయి. ఒట్టి దేవుని పేరే పిలుస్తున్నాను. ప్రిన్సిపాలు కాగితం తిప్పి ముద్రలన్నీ చూశారు.

"వీళ్లందరూ నిన్ను పంపడానికి ఒప్పుకున్నారా?"

అవునంటే సరిపోయేది. దేవుని పేరు పిలిచిన నోటితో ఆ మాట రాలేదు.

"లేదు సార్. ఈ మూడోది మా అత్తది. ఆమెకు ఇష్టం లేదు."

"మరి ముద్ర ఎందుకు వేసింది?"

"మంచి పిల్లేనా అని అడిగినారు సార్. పంపాల్నా అని అడగలేదు."

ఆయన కాగితాన్ని మళ్లీ ఈవలికి తిప్పారు. తర్వాత తెల్లకాగితం ముక్క ఒకటి కత్తిరించి, మరక మీద అంటించి దాని మీద రాయమని గుమాస్తాకు ఇచ్చారు. జిగురు ఆరేదాకా నాయన దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

ఆ సీటు దేవుడిచ్చాడని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

మొదటి వారమే జరిగినదంతా ఇంటికి రాశాను. అత్త కోసం బావి లోతు కూడా రాశాను. నాయన జవాబు కార్డు మీద వచ్చింది. అడుగున మసి ముద్ర ఒకటి, దాని చుట్టూ నూనె ఇంకి సగం అక్షరాలు అలుక్కుపోయాయి. పక్కన మిగిలినవి చదివాను.

"మీ అత్తది. ఈ తూరి పంపేదానికి వేసినాది."