పోశవ్వ బయానా, నేను నేర్పిన సంతకం

2014 ఎండాకాలం. ఎల్లారెడ్డిలో నేను పోస్టాఫీసు ఆర్‌డీ ఏజెంటుగా పని మొదలుపెట్టి అప్పటికి ఆరేళ్లు. ఆర్‌డీ అంటే రికరింగ్ డిపాజిట్. నెలనెలా ఒకే మొత్తం ఐదేళ్లు కడితే చివర్లో వడ్డీతో కలిపి ఇస్తారు. ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బు తెచ్చి ఆఫీసులో కట్టడం నా పని. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన చదువుతోనే ప్రైవేటుగా పదో తరగతి రాశాను. అలాంటి నాకు ఈ పని దొరకడం దేవుడి దయ. పొద్దున దీపం పెట్టి, ఆ రోజు కట్టాల్సిన పాస్‌బుక్కులు పటాల ముందు కాసేపు ఉంచి, అప్పుడు గడప దాటేదాన్ని.

పోశవ్వ 2009లో నా దగ్గర ఖాతా తెరిచింది. బీడీలు చుడుతుంది. భర్త మస్కట్‌లో కూలి. నెలకు రెండు వందల యాభై కట్టేది. సొంత ఇల్లు కొనాలన్న పంతం ఆమెకు తంబాకు వల్ల వచ్చింది. బీడీలు చుట్టే ఇంట్లో తంబాకు ఘాటు గోడలకు పట్టేస్తుంది. పక్క వాటా పిల్లలు దగ్గుతున్నారని ఇంటివాళ్లు ఖాళీ చేయించేవారు. ఐదేళ్లలో నాలుగు కిరాయి ఇండ్లు మారింది. "నా ఇంట్ల నేను దగ్గుకుంట సస్త, ఎవ్వడు అడుగుతడు" అని నవ్వేది.

బయానా ఆమె కట్టాలి, మిగతాది భర్త పంపాలి. ఇద్దరూ అట్లా మాట అనుకున్నారు. బయానా అంటే ఇల్లు ఖాయం చేసుకోవడానికి అమ్మేవాళ్ల చేతిలో ముందుగా పెట్టే డబ్బు.

ఖాతా తెరిచిన రోజు ఆమె నిశాని పెట్టింది, అంటే వేలిముద్ర. అప్పటి పోస్ట్‌మ్యాన్ మల్లయ్య దాని కింద సాక్షి సంతకం చేశాడు. మూడో ఏడు నేనే ఆమెకు సంతకం నేర్పాను. డబ్బుకు వెళ్లినప్పుడల్లా బీడీల చాట పక్కన పెట్టించి, మా బాపు నాకు నేర్పినట్టే నేల మీద సుద్దముక్కతో రాయించేదాన్ని. సంతకం వచ్చిన రోజు ఆమె కంటే నేనే ఎక్కువ సంతోషించాను. ఆ సంగతి ఆఫీసుకు రాసివ్వాలని మాత్రం నాకు తట్టలేదు.

ఆ వేసవిలో రెండు గదుల పెంకుటిల్లు ఒకటి కుదిరింది. అమ్మే ముసలాయన కామారెడ్డిలో కొడుకు దగ్గర ఉంటాడు. రెండు వేలు ముందు తీసుకుని, మిగతా బయానా శనివారం పొద్దుటికల్లా తన చేతిలో పడాలన్నాడు. పడకపోతే ఆ రెండు వేలూ పోతాయి, ఇల్లూ పోతుంది. కొనేవాళ్లు ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. ఆర్‌డీ గడువు గురువారంతో తీరింది. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం.

పోశవ్వ ఫారం మీద మెల్లగా సంతకం చేసింది. కౌంటర్లో ఉన్నాయన దాన్ని స్పెసిమెన్ కార్డు పక్కన పెట్టి చూశాడు. ఖాతాదారు గుర్తు ఉండేది ఆ కార్డులోనే. అందులో ఉన్నది నిశాని. ఫారం తీసుకుని, కొత్తగా వచ్చిన పోస్టుమాస్టర్ దగ్గరికి వెళ్లాడు.

ఆయన మమ్మల్ని లోపలికి పిలిచి, అయితే నిశానే పెట్టించండి అన్నారు. పెట్టించాను. నల్లటి మచ్చ పడింది. మళ్లీ పెట్టించాను. మళ్లీ మచ్చే. ఇరవై ఏళ్లు తడి ఆకు మడిచీ మడిచీ ఆమె బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఐదేళ్ల కిందటి ముద్రలో కొన్నైనా కనిపిస్తున్నాయి. రేషన్ కార్డు చూపించాం. పేరు సరిపోయింది గానీ అదొక్కటే చాలదన్నారు.

"అమ్మా, సంతకం కలవదు, ముద్ర కలవదు. ఖాతా తెరిచిన మనిషి ఈమే అని నేనెట్లా నమ్మాలి?"

నాకు తెలుసని చెప్పాను. ఏజెంటు సాక్ష్యం పనికిరాదన్నారు. అదీ నాకు తెలిసిన సంగతే. ఆఫీసుకు తెలిసిన మనిషి వచ్చి గుర్తుపట్టాలి, లేదా కామారెడ్డి పెద్దాఫీసుకు రాసి జవాబు కోసం ఆగాలి.

నిజం చెప్పాలంటే నాకు మొదట భయమేసింది నా కోసమే. ఆ మధ్యే పక్క ఊళ్లో ఒక చిట్టీల మనిషి జనం డబ్బుతో ఇంటికి తాళం వేసి పోయాడు. బయటికి రాగానే వరుసలో ఎవరో "ఈమె గూడ గంతేనా ఏంది" అని గొణిగారు. పోశవ్వ నా పక్కనే నిలబడింది. ఆమె మొహం వైపు చూడలేకపోయాను.

అప్పుడు మల్లయ్య గుర్తొచ్చాడు. రిటైరై నాగిరెడ్డిపేటలో సేద్యం చేసుకుంటున్నాడని విన్నాను. ఫోన్ నంబరు లేదు. ఆనాటి సాక్షే వచ్చి గుర్తుపడితే సరేనా అని పోస్టుమాస్టర్‌ను అడిగాను. మూడింటిలోపు అయితే సరేనన్నారు. అప్పటికి పదకొండు దాటింది.

నాగిరెడ్డిపేట బస్సులో పోశవ్వ పక్కన, మనసులోనే దేవుడి నామం చదువుకుంటూ కూర్చున్నాను. మధ్యలో తప్పుతున్నాను, మళ్లీ మొదటికి వస్తున్నాను. మల్లయ్య ఊళ్లో లేకపోతే? ఈమె రేపు పదిమందిని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తే?

సగం దూరం పోయాక పోశవ్వే మాట్లాడింది.

"చెల్లె, నా పైసలు ఆఫీసుల ఉన్నయా, లేవా? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"ఉన్నయక్కా. ఒక్క పైస పోలె."

"మరి నా దిక్కు సూస్తలేవేంది? నువ్వు మొహం దాస్కుంటుంటె నాకు పానం పోతున్నది."

అప్పుడు చెప్పాను, తప్పు నాదని. సంతకం నేర్పినప్పుడే ఆమెను ఆఫీసుకు తీసుకెళ్లి కార్డు మార్పించాల్సిందని, అది నేను చేయలేదని. ఆమె కిటికీలోంచి చూస్తూ అంతా విన్నది.

"గీ ముచ్చట ఆడ్నే చెప్పద్దా? నువ్వు తిన్నవేమో అని బుగులుతోని సచ్చిన."

మల్లయ్య కల్లం దగ్గర వడ్లు ఆరబోస్తున్నాడు. మమ్మల్ని చూసి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"బీడీల పోశవ్వ గదా నువ్వు? నీ మొగని ఉత్తరాలు తెచ్చి తెచ్చి నా చెప్పులు అరిగినయి. ఒక్కనాడన్న చాయ్ పోసినవా?"

ఆ మాటకు పోశవ్వ కల్లంలోనే కూలబడి ఏడ్చింది. ఆయన కంగారుపడి, తమాషాకు అన్న బిడ్డా అంటూ మంచినీళ్లు తెచ్చాడు. సంగతి చెప్తే, వడ్లు ఆరబెట్టే పని కోడలికి అప్పగించి ఉన్నపళాన బయల్దేరాడు. బస్సు లేదు. ఆటో పట్టుకున్నాం. దారిలో దాని టైరులో ఒకసారి గాలి పోయింది. నేను రోడ్డు పక్కన నిలబడి ఏం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తులేదు. ఆఫీసు మెట్లెక్కేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. మల్లయ్య ఆమెను గుర్తుపట్టినట్టు రాసి సంతకం చేశాడు. పోస్టుమాస్టర్ డబ్బు ఇప్పించారు.

మర్నాడు మొదటి బస్సుకు కామారెడ్డి వెళ్లి ముసలాయన చేతిలో బయానా పెట్టి, కాగితం రాయించుకున్నాం. ఆరు నెలలకు ఇల్లు పోశవ్వ పేరు మీదికి వచ్చింది. మల్లయ్యకు నేను రుణపడి ఉన్నాను. ఆ పోస్టుమాస్టర్‌కు కూడా. నా మొహం చూసి ఆయన నియమం వదిలేసి ఉంటే, రేపు ఇంకెవరి మొహమో చూసి ఇంకో పోశవ్వ డబ్బు వేరేవాళ్లకు ఇచ్చేసేవారు.

సోమవారం నా దగ్గరున్న పాస్‌బుక్కుల్లో నిశాని ఖాతాలన్నీ వేరు చేశాను. సంతకం నేర్చుకున్నవాళ్లను ఒక్కొక్కరిగా తీసుకెళ్లి కార్డులు మార్పించాను. అది ఆఫీసు నేర్పిన పాఠం. ఇంకొకటి బస్సులో నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరి పనైనా ఆగితే, ఎక్కడ ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో ముందు వాళ్ల మొహం చూసి చెప్పేస్తాను. దారి తర్వాత వెతుకుతాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ భయమేస్తుంది. కానీ చెప్పకుండా ఒక మనిషి పక్కన కూర్చుని సగం దారి పోయినప్పుడు వేసినంత కాదు.