కొబ్బరినీళ్లు తాగిన జీపు

వానలు మొదలయ్యాయి, చెల్లెలికి నెలలు నిండాయి, జీపులో పసుపు లైటు వెలిగింది. మూడూ ఒకేసారి వచ్చి నా నెత్తిన పడ్డాయి.

తొంభైల చివర్లో సంగతి. నేను కొత్తగూడెం బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్ని. ఇల్లు మాత్రం పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట. ఆ జీపును ఏదో ప్రాజెక్టు పనికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వదిలివెళ్తే వేలంలో కొన్నాను. డీజిలు బండి, టర్బో ఉంది. టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపేది. ఆ ఒత్తిడి ఎంతో చెప్పడానికి బొటనవేలంత సెన్సారు, దానికి మూడు వైర్లు. సెన్సారు కబురు సరిగా అందకపోతే ఆ పసుపు లైటు వెలుగుతుంది, బండి డీజిలు తగ్గించేస్తుంది. చదును మీద బాగానే నడుస్తుంది, ఎత్తు కనపడిందో ముసలెద్దులా మొరాయిస్తుంది.

మాకూ భద్రాచలం దవాఖానాకూ మధ్య ఎత్తులకు కొదవ లేదు. మొదటి కాన్పుకు చెల్లెల్ని తీసుకుని బస్సు కోసం నిలబడి నిలబడి, చివరికి లారీ ఎక్కించాం. బిడ్డ దక్కలేదు. ఈసారి ఇంటి ముందు బండి ఉండాల్సిందేనని పంతం పట్టి కొన్నాను. తీరా కొన్నాక అది ఎత్తెక్కదు. నాకు అన్నం సహించడం మానేసింది. డ్యూటీలో ఉన్నా చెవులు ఇంటి దగ్గరే ఉండేవి.

పాల్వంచ మెకానిక్ బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"టర్బో పోయిందన్నా. ఇప్పాలె. సామాను హైదరాబాద్ నుంచి రావాలె."

"జల్దీ అయితదా?"

"గది నేనెట్ల చెప్త?"

నాకు ఒళ్లు మండింది. పోయిన టర్బో పోయినట్టే ఉండాలి కదా! ఇది ఒకరోజు లాగుతుంది, ఒకరోజు లాగదు. వచ్చిపోయే జబ్బు ఎప్పుడూ వైరుదే. గనిలో ఇన్నేళ్లుగా చూస్తున్నది అదే. సెలవు పెట్టి, మీటరు తెచ్చుకుని, పొద్దున్నే వాకిట్లో బండి ముందు కూర్చున్నాను.

చెల్లెలు గడప మీద కూర్చుని చూస్తోంది.

"అన్నా, అయితదా?"

"అయితది. నువ్వు లోపలికి పో."

"లోపల కూసుంటే భయమైతాంది."

ఇంకేమంటాను? నా భయం దానికి కనపడకుండా తల ఇంజనులో పెట్టాను. సెన్సారుకు కరెంటు వస్తోంది. ఎర్తు బాగుంది. మూడోది, కబురు మోసే వైరు. ఇంజను నిలకడగా తిరుగుతున్నా అక్కడ మీటరు ముల్లు ఊగిపోతోంది. ఆ మూడు వైర్లనూ సెన్సారుకు తగిలించే ప్లగ్గు మీద వేలు పెట్టి కదిపితే ముల్లు ఎగిరిపడింది. దొరికావు అనుకుని ఇంజను ఆపి ప్లగ్గు లాగాను.

లోపల చీమలు. పిన్నుల నిండా పచ్చగా చిలుము. వేళ్లకు జిగురు అంటుకుంది. వాసన చూస్తే పులిసిన కొబ్బరినీళ్లు!

"అమ్మా! ఇంజను మీద ఏం పోసినవ్?"

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం పోస్తరా? శుక్రవారం శుక్రవారం కొబ్బరికాయ గొట్టి గిన్ని నీళ్లు పోస్తున్న."

"కొబ్బరికాయ బండి ముందల కొడ్తరు గాని, బానెట్ లేపి పోస్తరా ఎవరన్న?"

"జబ్బు లోపలుంటే పూజ బయటెందుకురా?"

బండి కొన్ననాటి నుంచీ ఆ పూజ జరుగుతూనే ఉంది. అమ్మ పోస్తే లైటు వెలిగేది, లైటు వెలిగితే అమ్మ ఇంకాస్త పోసేది. పాత ప్లగ్గులో రబ్బరు ఎప్పుడో ఎండి పగిలిపోయింది, ఇక నీళ్లకు అడ్డమేముంది! నోటికొచ్చినట్టు అరిచాను. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూశారు. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

వేడినీళ్లతో జిగురు కడిగి, ఆరబెట్టి, సూదితో చిలుము గీకి, ప్లగ్గు చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు బిగించి కట్టాను. లైటు ఆరింది. దగ్గర్లోని ఎత్తు ఎక్కించి చూశాను, లాగింది. అయినా నమ్మకం కుదరలేదు. రోజూ పొద్దునా సాయంత్రం ఎక్కించి దించుతూనే ఉన్నాను.

నొప్పులు ఒక ఉదయం, జోరువానలో మొదలయ్యాయి. చెల్లెల్ని వెనక సీట్లో పడుకోబెట్టాను. అమ్మ చేతిలో కొబ్బరికాయతో వచ్చింది. బానెట్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏడ కొట్టాలెరా?" అని మెల్లగా అడిగింది.

పుట్టి బుద్ధెరిగాక అమ్మ నన్ను అలా అడగడం అదే మొదలు.

"అమ్మా, ఎక్కు! నాకాగుతలేదు" అని వెనకనుంచి చెల్లెలు అరిచింది. అమ్మ కాయ కొట్టకుండానే ఒళ్లో పెట్టుకుని ఎక్కింది.

దారంతా నేను ఆ లైటునే చూస్తున్నాను. అద్దంలో చూస్తే అమ్మ కూడా దాన్నే చూస్తోంది. ఎత్తు వచ్చిన ప్రతిసారీ కొబ్బరికాయను గట్టిగా పట్టుకునేది. లైటు వెలగలేదు.

మధ్యాహ్నానికి పాప పుట్టింది. ఏడుపు దవాఖానా వరండా దాకా వినిపించింది. ఆ ఏడుపు విన్నాక బయటికొచ్చి జీపుకు చేరబడి నిలబడ్డాను. అమ్మ వానలోనే నా వెనకాల వచ్చింది. బండి దగ్గరికి రాకుండా, దూరంగా ఉన్న రాయి మీద కాయ కొట్టింది. చిప్పలో నీళ్లు ఒలకకుండా పట్టుకొచ్చి నా నోటి దగ్గర పెట్టింది.

"నువ్వు తాగురా. దానికి పడదు గద."