దుప్పట్లమ్మ నోటిమంట

ఆసుపత్రి వెనక, బట్టలు ఉతికే యంత్రాల పక్కన ఒక ఇరుకు గది ఉంది. చిరిగిన దుప్పట్లు, కుట్లు విడిపోయిన దిండు గలేబులు, బొత్తాలు ఊడిన రోగుల చొక్కాలు అందులోకే వచ్చి పడతాయి. వాటికి అతుకులు వేసి మళ్ళీ వార్డులకు పంపే ఆవిడను నర్సులు దుప్పట్లమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి. పొద్దున మిషను ముందు కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేసేది. గుట్ట మాత్రం తరిగేది కాదు.

ఆవిడ నోట్లో ఉన్నవి కట్టుడు పళ్ళు. చిగుళ్ళ జబ్బు వచ్చి, ఉన్న పళ్ళన్నీ చిన్న వయసులోనే తీయించుకోవలసి వచ్చింది. ఆ సంగతి భర్తకొక్కడికే తెలుసు. ఆయన ఉన్నంతకాలం రాత్రి పళ్ళు తీసి నీళ్ళ గిన్నెలో వేసి పడుకునేది. ఆయన పోయిన మరుసటి ఏడు తోడికోడలు వచ్చి చేరింది. బావగారి భార్య, ఆవిడా ఒంటరిదే. ఇద్దరికీ రెండు పొయ్యిలు దేనికని ఒక ఇంట్లోకి వచ్చారు. ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. రెండు మంచాల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి.

పెద్దావిడకు నోరెంత గట్టిదో పళ్ళూ అంత గట్టివి. అరవై దాటినా వేరుశనగ కాయలు పంటితోనే చిట్లించేది. వచ్చిన రోజే, పక్కింటి ముసలాయన బోసినోటితో ఏదో చెప్పి వెళ్ళగానే ఆయన మాటను అచ్చంగా అనుకరించి, కడుపు పట్టుకుని నవ్వింది. దుప్పట్లమ్మ కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రాత్రి నుంచి పళ్ళు తీయడం మానేసింది. పొద్దున్నే స్నానాల గదిలో గడియ పెట్టుకుని, గబగబా పుక్కిలించి, పళ్ళు నోట్లో ఉండగానే పైపైన తోముకుని వచ్చేసేది.

కొన్నాళ్ళకు అంగిలి మండటం మొదలైంది. తరవాత పెదవుల చివర్లు పగిలాయి, ఆవులిస్తే చీలి నెత్తురొచ్చేది. ఏది తిన్నా నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుండేది. కారం తగిలితే కళ్ళ వెంట నీళ్ళే. పని అలసటకు ఆకలి దహించుకుపోతున్నా నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది.

పెద్దావిడ రెండు మూడు రోజులు చూసింది.

"ఏమే, కూర బాగాలేదా?"

"బాగానే ఉందక్కా. ఆకలి లేదు."

"నిన్నా ఆకలి లేదు, మొన్నా ఆకలి లేదు. నా వంట నచ్చట్లేదని చెప్పడానికి నోరు రాదా?"

నిజం చెప్పాలంటే పళ్ళ సంగతి చెప్పాలి. దుప్పట్లమ్మకు అంత ఓపిక లేకపోయింది. లేచి చెయ్యి కడుక్కుంది.

ఆసుపత్రిలోనే పళ్ళ డాక్టరు ఉంది. ఒక మధ్యాహ్నం పని మధ్యలో వెళ్ళి చూపించుకుంది. డాక్టరమ్మ పై పళ్ళ సెట్టు తీయించి, లైటు వేసి చూసింది. సెట్టు ఆనిన మేరా, గీత గీసినట్టు అంగిలి ఎర్రగా కందిపోయి ఉంది.

"ఇది ఫంగసమ్మా. తడిగా, గాలాడకుండా ఉండేచోట పుడుతుంది. రాత్రి పళ్ళు తీసే పడుకుంటున్నారా?"

"ఆ," అంది దుప్పట్లమ్మ.

చుక్కల మందు రాసిచ్చింది. సెట్టు తీసి, మందు నోరంతా తిప్పి, కాసేపు పుక్కిట పట్టి మింగమంది. ఎందుకైనా మంచిదని షుగరు పరీక్ష కూడా చేయించింది. షుగరు లేదు. మందుతో మంట తగ్గింది. మందు అయిపోయాక మళ్ళీ మొదలైంది, మునుపటికన్నా ఎక్కువగా.

ఈలోగా ఇంట్లో పెద్దావిడ గరిటె కింద పెట్టేసింది. "ఎవరి వంట వాళ్ళదే. నీకేది రుచిస్తే అది వండుకో" అంది. పొద్దంతా దుప్పట్లు కుట్టి వచ్చి పొయ్యి ముందు నిలబడే శక్తి దుప్పట్లమ్మకు ఎక్కడిది? రొట్టె పాలలో నానబెట్టుకుని తినేది. అది చూసి పెద్దావిడ ఇంకా రగిలిపోయింది.

"నేను తిండి పెట్టట్లేదని నలుగురూ అనుకోవాలనేగా ఈ పాలూ రొట్టే? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నువ్వు నోరే విప్పవు, నిన్నెట్లా మంచి చేసుకోను?"

దుప్పట్లమ్మ పక్క మీద వాలి గోడవైపు తిరిగింది. ఏడవడానికి కూడా బద్ధకంగా ఉంది ఆవిడకు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ సెట్టు చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. గుంటల్లో తెల్లటి పాచి పేరుకుని ఉంది.

"నిజం చెప్పండమ్మా. ఇవి రాత్రిళ్ళు తీయట్లేదు కదా?"

"లేదు డాక్టరమ్మా."

"మందు నోటికి వేశాం. కానీ ఆ ఫంగసు దీన్నీ పట్టుకుని ఉంటుంది. నోరు బాగుపడగానే దీని మీంచి మళ్ళీ ఎక్కుతుంది. చిగుళ్ళకు రాత్రయినా కాస్త విడుపు ఉండాలి. తీయడానికి కష్టమేంటి?"

"ఇంట్లో ఇంకొకళ్ళు ఉన్నారు."

డాక్టరమ్మ సెట్టును మెత్తటి బ్రష్షుతో, సబ్బు నీళ్ళతో ఎలా తోమాలో అక్కడే కుళాయి దగ్గర చేసి చూపించింది. రాత్రి నానబెట్టడానికి బిళ్ళలు రాసింది. పెదవులకు మందు ఇచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పెద్దావిడ తన వంట తను చేసుకుని తింటోంది. దుప్పట్లమ్మ చెప్పులు విడిచి, ఆవిడ ఎదురుగా చతికిలబడింది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వచ్చింది. రెండు చేతులతో సెట్లు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి.

"నీ వంటకేం లోటు లేదక్కా. నా నోరే బాగాలేదు," అంది. మాట మెత్తగా, గాలిగా వచ్చింది.

పెద్దావిడ కలిపిన ముద్ద కంచంలో వదిలేసింది. "నోరు తెరువు," అంది. వంగి లోపలికి చూసింది. "అమ్మో, పుండులా ఉందే. ఇన్నాళ్ళూ ఇవి నోట్లో పెట్టుకునే పడుకున్నావా?"

"ఊ."

"ఎందుకే?"

"నువ్వు నవ్వుతావని."

పెద్దావిడ కంచం పక్కకు జరిపింది. "నవ్వేదాన్నే," అంది. "అబద్ధం ఎందుకు. నవ్వేదాన్నే." ఆవిడే మళ్ళీ, "నువ్వెప్పుడూ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంటుంటే, నేనంటే గిట్టక మొహం దాచుకుంటున్నావనుకున్నాను. నేనొచ్చి నీ ఇంట్లో ఇరుకు చేశానని."

"అదేం లేదక్కా."

"సరేలే. అవి అలా ఒళ్ళో పెట్టుకోకు, దుమ్ము పడుతుంది."

మర్నాటి నుంచి పొయ్యి మళ్ళీ ఒకటైంది. కారం వేయకముందే పెద్దావిడ కాస్త కూర చిన్న గిన్నెలోకి తీసేది. గొణుగుడు మాత్రం మానలేదు. ఈ చప్పిడి కూర చేయడానికా నేను పుట్టింది అనేది. బ్రష్షుతో సరిగ్గా తోమలేదని ఒకటి రెండుసార్లు సెట్టు తెచ్చి ముందు పడేసింది కూడా. పళ్ళు లేని మొహంతో మంచం మీద కూర్చోవడం దుప్పట్లమ్మకు మొదట్లో ప్రాణం మీదికొచ్చినట్టుండేది. తరవాత అలసటే గెలిచింది. తీసి నీళ్ళలో వేయడం, ఒరగడం, నిద్ర.

నెల తిరిగేసరికి అంగిలి మామూలు రంగుకు వచ్చింది. పెదవులు మానాయి. మూడోసారి వెళ్ళినప్పుడు పెద్దావిడ కూడా వెంట వచ్చింది. దవడ ఎముక అరిగిపోయి పాత సెట్టు వదులైందని, రాపిడి వల్ల మంట మళ్ళీ రావచ్చని, కొత్తది చేయించుకోక తప్పదని చెప్పి డాక్టరమ్మ మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీసుకుంది. అయ్యేదాకా ఇంకో నాలుగు సార్లు తిరగాలట. మళ్ళీ తిరగాలా అనుకుని దుప్పట్లమ్మ తల ఊపింది.

తిరుగు బస్సులో పక్కపక్కనే సీట్లు దొరికాయి. పెద్దావిడ కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. దిగవలసిన చోటు వచ్చాక దుప్పట్లమ్మ ఆవిడ భుజం తట్టి లేపింది. ఇద్దరూ కమ్మీ పట్టుకుని మెల్లగా దిగారు.