బోణీ బేరంలో తెగిన దీపస్తంభం

మా రంగుల దుకాణంలో గల్లాపెట్టె వెనక గోడకు ఒక పటం ఉంది. సముద్రపు ఒడ్డున నల్లరాతి గుట్ట, దాని మీద తెల్లటి స్తంభం. స్తంభానికి తల లేదు. వచ్చిన గిరాకీల్లో సగం మంది దాన్ని చూసి, "ఏందన్నా, ఇటుకబట్టీ చిమ్నీనా?" అంటారు. మంఖాల్ నుంచి వచ్చే మేస్త్రీ ఒకాయన, "చిమ్నీ మంచిగుంది గని పొగేది?" అని కూడా అడిగాడు. ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మండాల్సింది వాళ్ళ మీద కాదని తెలుసు. అయినా మండుతుంది.

నేను పుట్టి పెరిగింది శంషాబాద్ బజారులో. బాపుది కిరాణా, మేనమామది గుడ్డల దుకాణం, పక్కింటివాళ్ళది ఇత్తడి సామాను. మా ఇళ్ళల్లో పిల్లలకు ఎక్కాల కన్నా ముందు బేరం వస్తుంది. అవతలివాడు "గిట్టదు" అంటే గిడుతుందని అర్థం. "ఇదే ఆఖరు" అంటే ఇంకా రెండు మెట్లు దిగుతాడని అర్థం. అన్నిటికన్నా పెద్ద పాఠం బోణీది. పొద్దున షట్టర్ లేపగానే వచ్చిన మొదటి గిరాకీని ఏ దుకాణదారూ ఉత్త చేతులతో పంపడు. పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమే అని భయం. అందుకని నాకేదైనా చవగ్గా కావాలంటే, నేను షట్టర్ చప్పుడు కన్నా ముందే అక్కడ నిలబడి ఉంటాను. ఈ తెలివికి చాలా ఏళ్ళు మురిసిపోయాను.

ఇట్లాంటివాడికి దీపస్తంభాల పిచ్చి ఎట్లా పట్టిందో నాకే తెలియదు. సముద్రం మా ఊరికి ఏ దిక్కున పోయినా ఒక రాత్రి ప్రయాణం. "తొండుపల్లి మీదికెల్లి విమానాలు దిగుతున్నయి గద, వాటి ఫొటోలు తియ్యరాదూ? మేడెక్కితే చాలు, కిరాయి లేదు, టికెట్ లేదు" అంటుంది మా ఆవిడ. నేను వినను. ఏటా దసరా గిరాకీ అయిపోగానే, పాత కెమెరా ఒకటి భుజాన వేసుకుని ఉత్తరాంధ్ర తీరానికి పోతాను. అలలు కొరికి కొరికి వదిలేసిన రాళ్ళు, వాటి చివర ఎన్నో తుఫాన్లు చూసిన స్తంభాలు. ఆటోవాడితో బేరమాడి, టీ కొట్టులో బేరమాడి, ఆ రాళ్ళ మీద మోకాళ్ళు చెక్కుకుంటూ ఎక్కుతాను. అలలతో బేరం కుదరదు కాబట్టి రెండుసార్లు పూర్తిగా తడిశాను.

వాటిలో ఒక స్తంభానికి దీపం చూసుకునే పెద్దాయన ఉండేవాడు. పైన మనిషెత్తు గాజు, ఉల్లిపాయ పొరల్లా పొరలు పొరలుగా ఉండేది. పొద్దెక్కితే ఆ గాజు ఎండను ఒకచోటికి పోగేసి నిప్పు పుట్టిస్తుందట. అందుకని ఆయన రోజూ తెల్లవారగానే పైకెక్కి, అద్దాలు తుడిచి, చుట్టూ తెరలు దించేవాడు. తెరలు దించే ముందు ఒక్క నిమిషం మొదటి ఎండ గాజులో పడుతుంది. ఆ నిమిషంలో నేను కింద రాళ్ళ మీద నుంచి ఫొటో తీశాను. స్తంభం, పైన వెలుగుతున్న గాజు, దాని ముందు గుడ్డ పట్టుకుని చెయ్యి చాపిన పెద్దాయన.

ఆయన కిందికి దిగి కెమెరాలో తనను తాను చూసుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా తుడుస్తున్నానండి దీన్ని. కింద నుంచి ఎలా కనబడతానో ఇప్పుడే చూశాను. నాకొక కాపీ ఇప్పించండి బాబూ" అన్నాడు. ఇస్తానన్నాను. ఊరికి వచ్చి స్టూడియోలో ఆ ఒక్కటీ పెద్దగా ప్రింటు వేయించాను. ఆ వారమే మెమరీ కార్డు చచ్చిపోయింది. అది సగం ధరకు బేరమాడి కొన్న కార్డు అని వేరే చెప్పాలా?

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళాను. ఆ గాజు లేదు. దాని స్థానంలో అరచేతిలో పట్టేంత కొత్త దీపం పెట్టారు. పెద్దాయన రిటైరయ్యాడు. గాజు ఏమైందని అడిగితే, పెట్టెల్లో పెట్టి తీసుకుపోయారన్నారు. ఎక్కడికని అడిగితే, రాతపూర్వకంగా అడగమన్నారు. అప్పుడు కూడా నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం హక్కుగా వచ్చింది కాబట్టి హాయిగా ఉండింది. తరవాత వచ్చిన కోపానికి ఆ సుఖం లేదు.

ఆ గాజూ ఆ మనిషీ కలిసి ఉన్న బొమ్మ ఇక నా దగ్గరున్న ప్రింటు ఒక్కటే. ఈ ఏడు ఒకరోజు పెద్దాయన, అప్పట్లో నేను రాసిచ్చిన నంబరు వెతుక్కుని ఫోన్ చేశాడు. "అత్తాపూర్‌లో మా మనవరాలి పెళ్ళికి వచ్చామండి. ఎల్లుండి పదకొండింటికి విశాఖ విమానం. ఆ ఫొటో ఉందా బాబూ?" ఉందన్నాను. పటం కట్టించి విమానాశ్రయం దగ్గరే చేతికిస్తానని గొప్పగా చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పటాల దుకాణం షట్టర్ ముందు నిలబడ్డాను. ఆ భాయ్ తాళం తీస్తూనే నన్ను చూసి, "అయిపోయింది ఇయ్యాల" అన్నట్టు మొహం పెట్టాడు. నేను నా ధర చెప్పాను. ఆయన ఫొటోను బల్ల మీద పరిచి కొలిచాడు.

"సేట్, గీ సైజుకు పట్టీ కొత్తగ కోయాలె. మీరు చెప్పే పైసలకు గిట్టదు."

"బోణీ గిరాకీని వాపస్ పంపుతవా భాయ్?"

"పంపుత అన్ననా? జర సమజ్ చేస్కోండి. ఆ రేటుకు రెడీమేడ్ పటం వస్తది. గని అది జానెడు పొట్టిగుంటది."

"పొట్టి గిట్టి నాకు చెప్పకు. ఎట్లన్న చెయ్యి. నా రేటు ఇదే."

"ఇగ మీరు వినరు" అంటూ ఆయన నేనిచ్చిన నోటును నుదుటికి తాకించుకుని గల్లాలో వేసుకున్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను నమ్మలేదు. ఎందుకంటే నా దుకాణంలో నేను కూడా రోజూ అంటుంటాను: "ఆ రంగు చిన్న డబ్బాల కలవదన్నా, పెద్దది తీస్కోవాలె." శుద్ధ అబద్ధం. అబద్ధాలతో బతికే మనిషికి ఎదుటివాడి నిజం కూడా సరుకు అమ్మే మాటలాగే వినిపిస్తుంది.

మధ్యాహ్నం భాయ్ మూడుసార్లు ఫోన్ చేశాడు. రేటు పెంచడానికే అనుకుని ఎత్తలేదు. మరుసటి రోజు పొద్దున వెళ్ళేసరికి పటం పాత పేపర్లో చుట్టి ఉంది. "తెరిచి చూస్కోండి సేట్, ఒక మాట చెప్పాలె, పైన..." అని ఆయన మొదలుపెట్టాడు. ఇంకాసేపు నిలబడితే ఇంకో యాభై అడుగుతాడని, "టైం లేదు భాయ్" అంటూ బండెక్కాను.

విమానాశ్రయం గేటు ముందు పెద్దాయన ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళివారు పెట్టిన బట్టల సంచీతో నిలబడి ఉన్నాడు. ఆయనే పేపరు విప్పాడు. గుట్ట ఉంది. స్తంభం ఉంది. పైన గాజు ఉండాల్సిన చోట పటం అంచు ఉంది.

ఆయన పటాన్ని ఇటూ అటూ తిప్పి, "దీపం ఏదండీ?" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

నేను అక్కడే నిలబడి భాయ్‌కి ఫోన్ చేసి అరిచాను. ట్రాలీలు తోసుకుంటూ పోయేవాళ్ళు ఆగి చూశారు. "ఏం జేసినవ్ భాయ్? దీపం యాడుంది? మనిషి యాడున్నడు?"

అటునుంచి ఆయన గొంతు కూడా లేచింది. "ఏది కోయాల్నో అడుగుదామని మూడుసార్లు ఫోన్ కొట్టిన, ఎత్తినవా? కిందికెల్లి కోస్తే స్తంభం గాల్ల నిలబడ్డట్టయితది, పైకెల్లి కోసిన. పొద్దున చెప్తుంటె బండెక్కి ఉరికినవ్. ముక్క పారెయ్యలే. అట్ట వెనక పెట్టిన. విప్పి చూడు." ఫోన్ పెట్టేశాడు.

పెద్దాయనకు అంతా వినబడింది. పటాన్ని ఒడిలో బోర్లించుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ఇంటి తాళంచెవితో వెనకున్న చిన్న మేకులు ఒక్కొక్కటే లేపాడు. ముప్పై ఏళ్ళు గాజుతో మెలిగిన చేతులు. అద్దం కనీసం చప్పుడు చెయ్యలేదు. అట్ట తీస్తే జానెడు ముక్క, మడత పడకుండా ఉంది. గాజు, ఎండ, గుడ్డ పట్టుకున్న చెయ్యి.

"ఇటివ్వండి, రెండూ అతికించి, పెద్ద పటం కట్టించి కొరియర్ చేస్తాను" అన్నాను. ఈసారి ఎంతైనా సరే అని కూడా అన్నాను.

"వద్దు బాబూ. స్తంభం అక్కడే ఉందండి, రోజూ చూస్తున్నాను. లేనిది ఇదే." ముక్కను గుండ్రంగా చుట్టి, కొత్త పంచెల మడతలో పెట్టుకున్నాడు. లేస్తూ, పటం నా చేతికిచ్చి, "ఈ పటానికి ఎంతయిందండీ?" అని అడిగాడు.

నేను ఇచ్చినదానికి రెట్టింపు చెప్పాను. జీవితంలో మొదటిసారి, ఒక వస్తువుకు ఎక్కువ ఇచ్చానని అబద్ధమాడాను. ఆయన తల ఊపి, "మోసం చేశాడు పాపం మిమ్మల్ని" అంటూ గేటులోకి వెళ్ళిపోయాడు.

తిరిగొస్తూ భాయ్ దుకాణం ముందు బండి ఆపాను. బేరంలో నేను తగ్గించిన డబ్బు బల్ల మీద పెట్టాను. ఆయన వేలితో దాన్ని నావైపు తోశాడు. "ఆ పని ఆ రేటుకు అయిపోయింది సేట్. పోండి." బేరమాడదామంటే ఆయన అప్పటికే ఇంకో పటానికి మేకులు కొడుతున్నాడు.

పటం తెచ్చి దుకాణంలో తగిలించాను. మొన్న పొద్దున షట్టర్ లేపగానే ఒకడు రంగు కోసం వచ్చాడు. డబ్బాలను వదిలేసి గోడకేసి చూశాడు.

"ఆ చిమ్నీ ఫొటో ఎంతకిస్తవన్నా?"

"అది అమ్మేది కాదు."

అతను నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. దాన్ని నేను ఊరంతా తిరిగి ఖర్చుపెట్టాను. "అందరు అట్లనే అంటరు గని, బోణీ గిరాకీని, సరైన రేటు చెప్పు."

ఒళ్ళు మండింది. అమ్మేది కాదని మళ్ళీ చెప్పాను. అతను ఇంకో యాభై పెంచాడు.