దగ్గు లాక్కున్న మాటలు

నేను చుట్ట మానేసింది చావు భయంతో కాదు. వాదనల్లో ఓడిపోతున్నానని.

మాది బూర్గంపాడు దగ్గర, గోదావరి ఒడ్డున పొగాకు పండించే ఇల్లు. ఖమ్మంలో డిగ్రీ చదివి ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో పన్ను నొప్పి లేస్తే, మా అత్తగారు తను తాగుతున్న చుట్ట నా చేతికిచ్చి రెండు దమ్ములు లాగమన్నారు. నొప్పి తగ్గింది, చుట్ట చేతిలోనే ఉండిపోయింది. వంటలయ్యాక పెరట్లో అత్తాకోడళ్లం చెరో చుట్టతో కూర్చునేవాళ్లం. ఆవిడ పోయాక నేనొక్కదాన్నే కూర్చున్నాను.

కొన్నేళ్లకు మాట సగంలో దగ్గు అందుకోవడం మొదలైంది. మా ఆయనతో ఏ గొడవైనా సరే, అసలు మాట అనబోయే చోటికి రాగానే గొంతు పట్టేసేది. నేను దగ్గి కళ్లు తుడుచుకునేలోగా ఆయన చెప్పులు వేసుకునేవాడు.

"గదే గద, నువ్వు గూడ ఒప్పుకున్నవ్" అని వెళ్లిపోయేవాడు.

భద్రాచలంలో దవాఖానాకు పోతే, మా అమ్మాయి వయసు డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించింది.

"రోజుకెన్ని తాగుతరమ్మా?"

"లెక్కపెట్టుకుంట తాగితే తాగినట్టెట్లయితది?"

ఆ పిల్ల నవ్వలేదు. "పోయిన ఊపిరంతా తిరిగి రాదు. ఇప్పుడు ఆపితే ఉన్నది నిలుస్తది, జర మెరుగైతది. ఆపకపోతే మెట్లెక్కుడు గూడ కష్టమే."

ఎదురు చెప్పబోయాను. దగ్గొచ్చింది.

ఇంటికొచ్చి చుట్టలన్నీ పొయ్యిలో వేశాను. ఆ పొగ పీలుస్తూ పొయ్యి ముందే కూర్చున్నాననుకోండి, అది వేరే సంగతి.

పగళ్లు ఎవరో ఒకరి మీద అరిచి గడిపేశాను. చుట్ట తెల్లవారుజాము కలల్లోకి వచ్చేది. నది మీద మంచు. ఇసుకలో మా అత్తగారు, పక్కన నాకోసం ఖాళీ ఉంచి. పొగ నీళ్ల మీదుగా మెల్లగా నడుచుకుంటూ అవతలి అడవిలోకి పోయేది. నేనేదో చెబుతూ ఉండేదాన్ని, ఆవిడ తలూపుతూ వినేవారు. మెలకువ వచ్చాక నిజంగానే తాగానేమోనని వేళ్లు వాసన చూసుకునేదాన్ని. అలా చూసుకుంటున్న ఒక పొద్దున కిటికీలోంచి ఇప్పపూల వాసన వచ్చింది. తియ్యగా, కాస్త పులిసినట్టుగా. అన్నేళ్లూ అది మా ఇంటి మీదుగానే పోయి ఉంటుంది. మంచంలోనే చాలాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయాను.

ఆ రోజుల్లోనే, ఆరబెట్టిన పొగాకును పందిట్లోంచి దించారు. ఏటా మొదటి ఆకు చుట్టి, కాల్చి, పంట గుణం చెప్పేది నేనే. ఆకు కట్టే ఆమె చుట్ట చుట్టి పట్టుకొచ్చింది.

"ఒక్క దమ్మే అక్కా. నువ్వు చెప్పకపోతే ఎట్ల తెలుస్తది?"

"ఆమె చెప్పేదేముంది, ఎట్లుంటే గట్ల అమ్ముదాం" అన్నాడు మా ఆయన.

చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. చుట్ట తీసుకున్నాను. పచ్చి తేనెలాంటి వాసన. వెనక్కిచ్చాను.

"నువ్వే కాల్చి చెప్పు."

ఆమె రెండు దమ్ములు లాగి "బాగనే ఉంది" అంది.

"బాగనే అంటే ఏందే? కారమా, మెత్తగనా? బూడిద తెల్లగొచ్చిందా? ఎట్లుంటే గట్ల అమ్మనీకి ఇదేమన్న ఎండుగడ్డా?" అని మొదలుపెట్టాను. నీళ్లెప్పుడు కట్టాలన్నానో, ఆయన ఎప్పుడు కట్టాడో, ఆకు ఎందుకు మందమైందో, అన్నీ చెప్పాను. ఆయన చెప్పుల కోసం చూస్తున్నాడు. నేను ఆగలేదు. నా గొంతు నాకే ఎవరిదో దూరం నుంచి వినిపిస్తున్నట్టుంది. వింటూ, ఇంకొంచెం సాగదీశాను.

దగ్గు రాలేదని అనను. వచ్చింది. మాట పూర్తయ్యాక వచ్చింది.