స్పీకర్‌లో విన్న నా సిఫార్సు

పోర్టులో ఓడల నుంచి సరుకు దించే కంపెనీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఒక విదేశీ బిజినెస్ స్కూలుకి అప్లై చేసి, సిఫార్సుకి మా బాసు పేరిచ్చాను. స్కూలు నుంచి ఆయనకి ఫోనొచ్చినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. ఎవరి ఫోనైనా స్పీకర్‌లో పెట్టడం ఆయన అలవాటు.

“మీ మాట తప్పనిపిస్తే ఆమె ఏం చేస్తుంది?” అని ఇంగ్లీషులో అడిగింది స్కూలావిడ.

“మా అమ్మాయి బంగారం. నాకెప్పుడూ ఎదురుచెప్పలేదు,” అని ఆయన మురిసిపోయారు. అక్కడితో ఆగారా! “ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు పంపడులెండి. ఆ సీటు ఎవరైనా కుర్రాడికివ్వండి,” అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్ని ఈయనెప్పుడు అడిగారు? అప్లై చెయ్యమని నా వెంటపడిందే మా ఆయన!

ఫోన్ లాక్కున్నాను. “మేడమ్, జోరువానలో ఎరువు దించమని ఈయన అరుస్తుంటే, సరుకు తడిసిపోతుందని ఓడ మూతలు మూయించింది నేనే. నన్నెవరూ పంపక్కర్లేదు, నేనే వస్తాను!” అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆయన, “నానేటి తప్పు సెప్పానమ్మా? నీ మంచికే కదా!” అన్నారు.

సీటొచ్చింది. ఆయనే ఆఫీసంతా లడ్డూలు పంచుతూ, “నాను సెప్పబట్టే ఇచ్చారు,” అని చెప్పుకున్నారు. మన మంచి కోరేవాళ్ళు మనల్ని ఒక్క మాట అడిగితే ఏం పోతుందో నాకిప్పటికీ అర్థం కాదు. నాకిచ్చిన లడ్డూని ఆయన బల్లమీదే పెట్టి వచ్చేశాను.

– ఓ పాఠకురాలు, గాజువాక