టేకు మోళ్ల కంచె

ఇచ్చోడ దగ్గర మాకు ఒక కంచె ఉంది. కంచె అంటే ముళ్ల దడి అనుకునేరు. మా దిక్కు పశువుల మేతకని ఉంచుకున్న సొంత బీడునే కంచె అంటారు. ఆరెకరాల రాళ్ల గుట్ట, దాని మీద గడ్డి, టేకు. అమ్ముకోక ఎందుకు కాస్తున్నావని అడిగేవాళ్లకు వానల కోసం, పిట్టల కోసం అని చెబుతాను. అబద్ధం. పగతో కాస్తున్నాను.

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వాటాలు వేసింది పెద్దవాడైన మా బాపు. ఒకవైపు నల్లరేగడి, దానికి సరితూగాలని మరోవైపు నిండుగా టేకున్న కంచె. ముందు ఏరుకునేది చిన్నవాడు, అది మా ఇంటి ఆనవాయితీ. మా కాక నల్లరేగడి తీసుకున్నాడు. కాగితంలో భూమి అని రాశారు గానీ చెట్ల మాట రాయలేదు. తమ్ముడే కదా అనుకోవడం బాపు చేసిన తప్పు. వారం తిరక్కముందే కాక గొడ్డళ్లతో మనుషులను దింపాడు.

"భూమి నీదే అన్నా, చెట్లు ఉమ్మడియి. సగం నీకు పంపిస్త" అన్నాడు.

ఒక్క దుంగ రాలేదు. బాపు నోరెత్తలేదు. అందుకు బాపు మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే.

టేకు మోడు అంత తేలిగ్గా చావదు. వానలకు ఒక్కోదానికి గుత్తుగా పిలకలు లేచాయి. తిన్నగా ఉన్న ఒక్కటి ఉంచి మిగతావి కోసేయడం బాపు నాకు నేర్పాడు. ఆయన పోయాక నేనే చేస్తున్నాను. గడ్డి గింజ రాలేదాకా గొర్రెలను రానివ్వను. ఎండలు ముదరకముందే చుట్టూ ఆకు ఊడ్చి నిప్పుకు దారి లేకుండా చేస్తాను. "ఆడిపిల్లకు కంచెందుకు, అమ్ముకుంటది" అని కాక ఊరంతా చెప్పాడు. ఆ మాట నా చెవిన పడ్డాక ఒక్క ఏడూ పని తప్పలేదు.

మొన్న మాఘంలో కాకే మా ఇంటికి వచ్చాడు. కొత్త ఇంటికి దర్వాజ నిలబెట్టాలట.

"మంచి టేకు యాడ దొర్కుతలే బిడ్డా. ఒక్క చెట్టియ్యి."

కూర్చోబెట్టి, నీళ్లిచ్చి చెప్పాను. "భూమి నాది, చెట్లు గూడ నాయే కాకా. జర యాదికుంచుకో."

తాగకుండానే చెంబు కింద పెట్టి పోయాడు. వేపచెక్క దర్వాజతో సరిపెట్టుకున్నాడని తెలిసిన రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మా ఆయనకు ఇవన్నీ నచ్చవు. "ఎనభై దాటినయ్ ఆయనకు. రేపోమాపో పోతడు. గప్పుడు ఎవరి మీద పగతోని కాస్తవ్?" అన్నాడు.

"ఆయనకు ఇద్దరు కొడుకులున్నరు గదా" అన్నాను.